ఆటిజం ఉన్న చిన్నపిల్లలతో సంభాషణ ఎలా పెంచాలి: ఇంట్లో అమ్మానాన్నలు చేయగలిగిన పని

మా బాబుకి రెండున్నరేళ్ళప్పుడు ఆటిజం అని చెప్పారు. అప్పటికి వాడికి ఒక్క మాట లేదు. ఇంటికి వచ్చిన ప్రతివాళ్ళూ వాడి గడ్డం పట్టుకుని "అమ్మ అను నాన్నా, ఒక్కసారి అను" అనేవాళ్ళు. నేనూ అదే చేశాను. పొద్దున లేచిన దగ్గర నుంచి "ఇదేంటి? ఇదే రంగు? ఆవు ఎలా అరుస్తుంది?" అని అడుగుతూనే ఉండేదాన్ని. ఫ్లాష్ కార్డులు కొని మంచం మీద పరిచి కూర్చునేదాన్ని. నెల తిరిగేసరికి నేను పక్కన కూర్చుంటే వాడు లేచి వేరే గదిలోకి వెళ్ళడం మొదలుపెట్టాడు. నా పిల్లాడికి నేనొక పరీక్షలాగా కనబడుతున్నానని అర్థం కావడానికి నాకు ఇంకొంత కాలం పట్టింది.

పిల్లలు మాట్లాడకముందే ఎంతో చెప్తారు. చెయ్యి చాచి ఎత్తుకోమంటారు. డబ్బా తెచ్చి చేతిలో పెట్టి మూత తీయమంటారు. కుక్కను చూసి, మన మొహం చూసి, మళ్ళీ కుక్కను చూస్తారు. "ఊఁ" అంటే "ఊఁ" అంటారు. మాట వీటి మీద నిలబడుతుంది. ఆటిజం ఉన్న చాలామంది పిల్లల్లో ఈ మెట్లు ఆలస్యంగా వస్తాయి, లేదా వేరే దారిలో వస్తాయి. ఇది చూడకుండా నేరుగా మాట దగ్గర మొదలుపెడితే మనకీ పిల్లలకీ అలసటే మిగులుతుంది.

సుమారు ఏడాదిన్నర నుంచి ఆరేళ్ళ లోపు పిల్లలున్న తల్లిదండ్రుల కోసం రాస్తున్నాను. ఆటిజాన్ని పోగొట్టే పద్ధతులు ఇందులో లేవు. పిల్లలు తమకు కావాల్సింది చెప్పగలగడం, తమకు నచ్చింది మనతో పంచుకోగలగడం, అంతవరకే దీని ఉద్దేశం.

మొదటి అడుగు: ఆగకండి

"వాళ్ళ నాన్న కూడా నాలుగేళ్ళకి మాట్లాడాడు, వీడికీ వస్తాయిలే" అనే మాట మన ఇళ్ళల్లో ఎంత ప్రేమతో అన్నా, దాని వల్ల పోయే కాలం మళ్ళీ రాదు. తొమ్మిది నెలలు దాటాక పేరు పెట్టి పిలిస్తే పలకకపోవడం, ఏడాది దాటుతున్నా టాటా చెప్పడం లాంటి సైగలు లేకపోవడం, ఏడాదిన్నరకి దేన్నీ వేలు పెట్టి చూపించకపోవడం, రెండేళ్ళకి రెండు మాటలు కలపకపోవడం, వీటిలో ఏది కనబడినా పిల్లల డాక్టరుకి చెప్పండి. వచ్చిన మాటలు పోతే, ఏ వయసులో పోయినా, వారం కూడా ఆగొద్దు.

ముందుగా వినికిడి పరీక్ష చేయించండి. చప్పుడుకి తిరుగుతున్నాడు కదా అని వదిలేయకండి. కొన్ని శబ్దాలు వినబడి, మాటల్లోని సన్నని శబ్దాలు వినబడని పిల్లలుంటారు. పిల్లలు నిద్రలో ఉండగా చేసే బెరా అనే వినికిడి పరీక్షకి వాళ్ళు సహకరించాల్సిన పని లేదు.

పదహారు నుంచి ముప్ఫై నెలల పిల్లల కోసం ఎం-చాట్ అనే ఇరవై ప్రశ్నల పత్రం ఉంది. అందులో ఎక్కువ మార్కులొస్తే ఆటిజం ఉన్నట్టు కాదు, పూర్తి పరీక్ష చేయించాలని మాత్రమే. ప్రభుత్వం తరఫున అయితే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద జిల్లా స్థాయిలో డీఈఐసీలు, అంటే పిల్లల ఎదుగుదల సమస్యల్ని త్వరగా గుర్తించి సాయం చేసే కేంద్రాలున్నాయి. అంగన్‌వాడీ టీచరును అడిగినా దారి చెప్తారు. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మేధో వైకల్యం ఉన్నవాళ్ళ కోసం నీపిడ్ అనే జాతీయ సంస్థ 1984 నుంచి ఉంది. అప్పట్లో దాన్ని ఎన్ఐఎంహెచ్ అనేవాళ్ళు, పాతవాళ్ళు ఇప్పటికీ అదే పేరుతో చెప్తారు.

అపాయింట్‌మెంట్ దొరకడానికి రోజులు పట్టొచ్చు. ఇంట్లో పని ఈ రోజే మొదలుపెట్టండి. కింద చెప్పినవాటిలో ఆటిజం లేని పిల్లలకి హాని చేసేది ఏదీ లేదు.

రెండో అడుగు: ఒక వారం చూసి రాసుకోండి

ఒక చిన్న నోట్‌బుక్ తీసుకోండి. వారం రోజులు ఏమీ నేర్పించొద్దు. మూడు విషయాలు మాత్రం రాయండి. పిల్లలు ఏం చెప్పారు, ఎలా చెప్పారు, ఎందుకు చెప్పారు. "నా చెయ్యి పట్టుకుని ఫ్రిజ్ దగ్గరికి లాగాడు, పెరుగు కోసం." "ప్లేటు తోసేసింది, ఇంక వద్దని." "పళ్ళు నూరుతూ గెంతాడు, మిక్సీ శబ్దం వచ్చినప్పుడు."

మాటలు రాని పిల్లాడు ఏమీ చెప్పడని అనుకున్న నేను మొదటి రోజే రెండు పేజీలు రాశాను. అందులో అన్నీ కావాలి, వద్దు మాత్రమే. "ఇటు చూడు, ఎంత బాగుందో" అని చెప్పేది ఒక్కటీ లేదు. మా పని ఎక్కడుందో నాకు ఆ నోట్‌బుక్ చూపించింది.

పిల్లలకి ఏది ఇష్టమో కూడా అందులో రాయండి. ఫ్యాన్ తిరగడం, మూతలు దొర్లించడం, బియ్యంలో చేతులు పెట్టడం, ఏదైనా సరే. మన పనికి అవే ముడిసరుకు.

మూడో అడుగు: ప్రశ్నలు తగ్గించి నేల మీద కూర్చోండి

ఫోన్‌ను గోడకి ఆనించి, మీరూ పిల్లాడూ ఆడుకుంటుండగా ఐదు నిమిషాలు వీడియో తీయండి. తర్వాత ఒంటరిగా చూసి మీరు ఎన్ని ప్రశ్నలు వేశారో, ఎన్ని ఆజ్ఞలు ఇచ్చారో లెక్కపెట్టండి. మా వీడియోలో ఐదు నిమిషాలకి ముప్ఫై దాటాయి. వాడికి ఊపిరి తీసుకునే సందు కూడా నేను ఇవ్వలేదు.

వీడియో చూసుకోవడం నా సొంత ఆలోచన కాదు. గోవాలోనూ, పాకిస్తాన్‌లోని రావల్పిండిలోనూ రెండు నుంచి తొమ్మిదేళ్ళ లోపు ఆటిజం ఉన్న 65 మంది పిల్లల కుటుంబాలతో ఒక పరిశోధన జరిగింది. ఫలితాలు 2016లో లాన్సెట్ సైకియాట్రీ అనే వైద్య పత్రికలో వచ్చాయి. అందులో స్పెషలిస్టులు కాని ఆరోగ్య కార్యకర్తలకే శిక్షణ ఇచ్చారు. వాళ్ళు తల్లిదండ్రులకి తమ వీడియోలు తామే చూసుకునేలా చేసి, పిల్లలకి అనుగుణంగా స్పందించడం ఎలాగో పన్నెండు సెషన్లలో నేర్పారు. తల్లిదండ్రుల స్పందన మారింది. దానితో పాటు పిల్లలు తమంతట తాము చొరవ తీసుకుని చెప్పడం పెరిగింది. మనలాంటి ఇళ్ళల్లో, మనలాంటి అమ్మలతో జరిగిన పని కాబట్టి నాకు దీని మీద నమ్మకం ఎక్కువ.

ఇప్పుడు చేయాల్సింది. రోజుకి పది, పదిహేను నిమిషాలు, రెండు పూటలా. టీవీ ఆపండి. పిల్లల ఎదురుగా, వాళ్ళ కళ్ళ ఎత్తుకి కూర్చోండి లేదా పడుకోండి. వాళ్ళు దేనితో ఆడుతుంటే మీరూ దాని దగ్గరికే వెళ్ళండి. కారు చక్రం తిప్పుతుంటే "కారుని అలా కాదు, ఇలా నడపాలి" అని లాక్కోకండి. చక్రం తిరుగుతుంటే "తిరుగుతోంది" అనండి, అంతే. "ఏంటి", "ఎక్కడ", "చెప్పు" అనే మాటల్ని ఆ పదిహేను నిమిషాలు పక్కన పెట్టండి.

ఐ కాంటాక్ట్ కోసం గడ్డం పట్టి తిప్పకండి. "నా కళ్ళలోకి చూడు, అప్పుడే ఇస్తా" అని చాలా థెరపీ సెంటర్లలో ఇంకా చేయిస్తున్నారు. కళ్ళలోకి చూస్తూ వినడం తమకి కష్టమని, ఇబ్బందిగా ఉంటుందని పెద్దవాళ్ళైన ఆటిస్టిక్ వ్యక్తులు ఎంతోమంది చెప్పారు. ఎదురుగా కూర్చోవడం మనం చేస్తే, చూడాలనిపించినప్పుడు వాళ్ళే చూస్తారు.

నాలుగో అడుగు: వాళ్ళని అనుకరించండి, తర్వాత ఆగండి

పిల్లలు బల్ల మీద తడితే మీరూ తట్టండి. "ఈఈ" అంటే మీరూ "ఈఈ" అనండి. గెంతితే గెంతండి. దీనికి సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. కొద్దిసేపటికి చాలామంది పిల్లలు ఆగి మన వైపు ఒక చూపు చూస్తారు, "నేను చేస్తే ఈమె చేస్తోందే" అన్నట్టు. తర్వాత కావాలని మళ్ళీ చేసి చూస్తారు. వంతులు మొదలైనట్టే. ఒక సంభాషణలో ఉండేది ఇదే కదా, నీ వంతు, నా వంతు. పిల్లలు తమని తాము కొట్టుకోవడం, కొరుక్కోవడం లాంటివి మాత్రం అనుకరించకండి.

ఇందులో అన్నిటికన్నా కష్టం ఆగడం. మీ వంతు అయ్యాక నోరు మూసుకుని, ఎదురు చూస్తున్నట్టు మొహం పెట్టి, లోపల పది దాకా లెక్కపెట్టండి. ఆటిజం ఉన్న చాలామంది పిల్లలకి విన్నది అర్థం చేసుకుని జవాబు తయారు చేసుకోవడానికి సమయం పడుతుంది. మనం మూడు సెకన్లకే మళ్ళీ అడిగేసరికి వాళ్ళు మొదటి నుంచి మొదలుపెట్టాల్సి వస్తుంది.

ఐదో అడుగు: బొమ్మలు లేని ఆటలు

దోబూచి, ఉప్పుమూట, చెమ్మచెక్క, చక్కిలిగింతలు, దుప్పటి రెండు కొసలూ పట్టి ఊపే ఉయ్యాల. మన అమ్మమ్మలు ఆడించిన ఆటల్లో స్పీచ్ థెరపీకి కావాల్సినవి చాలా ఉన్నాయి. మనిషి లేనిదే ఆట లేదు, ప్రతిసారీ ఒకే వరసలో జరుగుతుంది, మధ్యలో ఒక ఉత్కంఠ ఉంటుంది.

దుప్పటి ఉయ్యాల తీసుకుందాం. ఇద్దరు పెద్దవాళ్ళు కొసలు పట్టుకుని "ఒకటీ... రెండూ... మూడు!" అని ఊపండి. పిల్లలకి నచ్చిందంటే అలా ఐదారుసార్లు అదే వరసలో చేయండి. తర్వాత "ఒకటీ... రెండూ..." దగ్గర ఆపేయండి. నవ్వుతూ ఎదురు చూడండి. కాలు కదిపినా, మీ వైపు చూసినా, "ఊఁ" అన్నా దాన్ని "ఊపు" అని అడిగినట్టే తీసుకుని వెంటనే ఊపండి. మొదట్లో ఏ చిన్న కదలిక అయినా చాలు. రెండు వారాలు పోయాక ఇంకాస్త స్పష్టంగా అడిగేదాకా ఒక క్షణం ఎక్కువ ఆగొచ్చు.

కొందరు పిల్లలకి ముట్టుకోవడం, ఊపడం భయం. వాళ్ళతో దూరం నుంచి ఆడే ఆటలు పెట్టుకోండి. బంతి దొర్లించడం, సబ్బు బుడగలు ఊదడం, దిండు వెనక నుంచి "బూ" అనడం.

ఆరో అడుగు: అడగాల్సిన అవసరం కల్పించండి

మన ఇళ్ళల్లో పిల్లలకి దాహం వేయకముందే గ్లాసు నోటి దగ్గర ఉంటుంది. నానమ్మ, అమ్మమ్మ, పిన్ని, అందరూ కనిపెట్టుకునే ఉంటారు. అంత ప్రేమలో పిల్లలకి అడిగే పని మిగలదు.

జంతికల్ని పారదర్శకమైన డబ్బాలో పెట్టి మూత గట్టిగా బిగించి చేతికి ఇవ్వండి. ద్రాక్షపళ్ళు గిన్నె నిండా పెట్టకుండా రెండే పెట్టి ఎదురుగా కూర్చోండి. బుడగలు ఊది సీసా మూత పెట్టేయండి. పెరుగన్నం పెట్టి చెంచా ఇవ్వడం మరిచిపోయినట్టు కూర్చోండి. ఆగండి. పిల్లలు డబ్బా మీ చేతిలో పెడితే అదే అడగడం. "తీయి" అని చెప్పి తీసివ్వండి.

ఇక్కడ ఒక జాగ్రత్త. మేము కొన్నాళ్ళు వెళ్ళిన ఒక సెంటరులో "నీళ్ళు అంటేనే నీళ్ళివ్వండి, ఏడ్చినా ఇవ్వకండి" అని చెప్పారు. నేను పాటించాను. దాహంతో ఏడ్చే పిల్లాడి ముందు గ్లాసు పట్టుకుని కూర్చున్న ఆ సాయంత్రం నేను మరిచిపోలేను. దయచేసి అలా చేయకండి. ఒకసారి ఆగి చూడండి, మాట అందించండి, ఇచ్చేయండి. తిండి, నీళ్ళు, ఎత్తుకోవడం, వీటిని మాటకి కూలిగా పెట్టకూడదు.

"వద్దు" చెప్పడం కూడా నేర్పించాలి. తల అడ్డంగా ఊపినా, చెయ్యి అడ్డం పెట్టినా "వద్దు. సరే, వద్దు" అని ఆ వస్తువు తీసేయండి. వద్దన్నది వింటారని తెలిసిన పిల్లలు ప్లేటు విసిరేయాల్సిన పని తగ్గుతుంది.

ఏడో అడుగు: మన తెలుగు ఎలా మాట్లాడాలి

పిల్లలు ఉన్న మెట్టు కన్నా ఒక్క మెట్టు పైన మాట్లాడండి. మాటలు లేని పిల్లలతో ఎక్కువగా ఒక్క మాట, రెండు మాటలు. ఒక మాట వచ్చినవాళ్ళతో రెండు, మూడు. "చూడు నాన్నా, మనం ఇప్పుడు చెప్పులేసుకుని బయటికి వెళ్ళి పాలు తెచ్చుకుందామా" అన్నదానిలో పిల్లలు పట్టుకోగలిగింది ఏముంది? చెప్పులు చూపించి "చెప్పులు" అనండి. తలుపు దగ్గర "వెళ్దాం" అనండి.

రంగులు, అంకెలు, ఏబీసీడీలు గడగడా చెప్పే పిల్లలకి "ఇవ్వు" అనే మాట రాకపోవడం మనం ఎన్నో ఇళ్ళల్లో చూస్తాం. పేర్లు నేర్పించడం తేలిక కాబట్టి అందరం అవే నేర్పిస్తాం. తెలుగులో మాత్రం ఒక్క క్రియే వాక్యం. "పడింది", "వచ్చాడు", "తిందాం", "ఇవ్వు", "వద్దు", "అయిపోయింది". వీటిలో ఒక్కొక్కటీ పిల్లలకి రోజుకి ఇరవైసార్లు పనికొస్తుంది. ముందు ఇవి వినిపించండి. చిన్నపిల్లల కోసం మనకున్న మాటల్నీ వదలొద్దు. బువ్వ, లాల, జోజో, అప్పచ్చి, టాటా. పలకడానికి తేలిక, రోజూ అదే సమయంలో వస్తాయి.

ఇంకొకటి. విన్నది విన్నట్టు తిరిగి చెప్పే పిల్లలు చాలామంది ఉంటారు. దీన్ని ఎకోలాలియా అంటారు. మనం రోజంతా "నీళ్ళు కావాలా?", "పాలు తాగుతావా?" అంటాం. అందుకే దాహం వేసినప్పుడు వాళ్ళు వచ్చి "నీళ్ళు కావాలా?" అంటారు. వాళ్ళు మనల్ని అడగటం లేదు, తమకి కావాలని చెప్తున్నారు. "తప్పు, అలా అనకూడదు" అనకుండా, నీళ్ళిస్తూ వాళ్ళ తరఫున "నీళ్ళు కావాలి" అనండి. పాలు అందిస్తూ "పాలు తాగుతా" అనండి. క్రియ చివరి అక్షరంలోనే నేను, నువ్వు తేడా ఉంది కాబట్టి, వాళ్ళు అనాల్సిన రూపంలోనే వాళ్ళకి వినిపించాలి. ఈ ఒక్క మార్పుకి మా ఇంట్లో అందరికీ అలవాటు పడటానికి రెండు నెలలు పట్టింది. మా అత్తగారు అందరికన్నా ముందు నేర్చుకున్నారు.

టీవీ ప్రకటనలోని డైలాగు, ఏడాది కిందట ఎవరో అన్న మాట సందర్భం లేకుండా అంటున్నారనిపించినా కొట్టిపారేయకండి. అది మొదట ఎక్కడ విన్నారో గుర్తుచేసుకోండి. పడిపోయినప్పుడు ఎవరో అన్న "అయ్యయ్యో, లే లే" అనే మాటని మా వాడు ఎక్కడ భయమేసినా అనేవాడు. వాడికి ఆ మాటకి అర్థం "నాకు భయంగా ఉంది". నేను వెంటనే "భయమేసింది" అని చెప్పి దగ్గరికి తీసుకునేదాన్ని.

రెండు భాషల గురించి. అమెరికా, బ్రిటన్‌లో ఉన్న మనవాళ్ళకి "ఇంట్లో ఇంగ్లీషు ఒక్కటే మాట్లాడండి" అని ఎవరో ఒకరు చెప్తూనే ఉంటారు. హైదరాబాద్‌లో ఇంగ్లీషు మీడియం స్కూళ్ళూ అదే చెప్తాయి. రెండు భాషలు వింటూ పెరిగిన ఆటిస్టిక్ పిల్లలు దానివల్ల వెనకబడటం లేదని ఇప్పటిదాకా వచ్చిన పరిశోధనలు చెప్తున్నాయి. మీకు ఏ భాషలో లాలించడం వచ్చో ఆ భాషలో మాట్లాడండి. తాతయ్యతో మాట్లాడే భాషను పిల్లల దగ్గర నుంచి తీసేయకండి.

ఎనిమిదో అడుగు: కలిసి చూడటం

థెరపిస్టులు దీన్ని జాయింట్ అటెన్షన్ అంటారు. బిస్కెట్ కోసం వేలు చూపించడం ఒకటి. ఆకాశంలో విమానం చూసి వేలు చూపించి, మనం చూశామా లేదా అని మన మొహం చూడటం వేరొకటి. రెండోదానిలో పిల్లలకి కావాల్సిన వస్తువు ఏదీ లేదు, మనం తోడుగా చూడటమే కావాలి. ఆటిజంలో ఎక్కువ ఆలస్యంగా వచ్చేది ఇదే. మాటలు పెరగడానికీ దీనికీ దగ్గర సంబంధం ఉంది. ఆటిజం ఉన్న పిల్లలకి దీన్ని నేర్పించడం మీద కోనీ కాసరి అనే అమెరికన్ పరిశోధకురాలు ఏళ్ళ తరబడి పని చేశారు.

తొందరపడి "అదిగో చూడు, చూడు" అని దూరంగా చూపించకండి. ముందు మనం పిల్లల చూపు వెంట వెళ్ళాలి. వాళ్ళు ఫ్యాన్ చూస్తుంటే మనమూ ఫ్యాన్ చూసి, వేలు పెట్టి "ఫ్యాన్!" అనాలి. కొన్ని వారాలు ఇదే. తర్వాత దగ్గరగా ఉన్నదాన్ని ముట్టుకుని చూపించడం, పుస్తకంలో బొమ్మ మీద వేలు పెట్టడం, గది అవతల ఉన్నది చూపించడం. చూపించేటప్పుడు మనం గుడ్లు పెద్దవి చేసి, ఊపిరి బిగబట్టి, "ఆఁ!" అని ఆశ్చర్యపోవాలి. పక్షి, లిఫ్టు, రైలుగేటు, వాన మొదలవడం, ఏదైనా పనికొస్తుంది.

వేలు చూపించడం రాని పిల్లలకి రెండు వస్తువులు ఎదురెదురుగా, కాస్త అందనంత దూరంలో పట్టుకోండి, ఒకటి నచ్చేది, ఒకటి నచ్చనిది. చెయ్యి ఎటు చాస్తే అటు ఉన్నది ఇచ్చి దాని పేరు చెప్పండి. చెయ్యి చాచడం అలవాటయ్యాక వేలు మెల్లగా విడివడుతుంది.

మా వాడు నాలుగేళ్ళు దాటాక ఒక మధ్యాహ్నం ప్రహరీ గోడ మీద ఉడుతను చూసి వేలు ఎత్తి, వెనక్కి తిరిగి నా మొహం చూశాడు. నోటి నుంచి మాట రాలేదు. నోట్‌బుక్‌లో ఆ రోజు తేదీ కింద రెండు గీతలు ఉన్నాయి.

తొమ్మిదో అడుగు: ఫోటోలు, సైగలు, యాప్‌లు

"బొమ్మలు చూపించడం అలవాటైతే ఇంక మాట్లాడడు" అనే భయం అందరిలోనూ ఉంది, నాలోనూ ఉండేది. 2006లో వచ్చిన ఒక పరిశోధన సమీక్ష ఈ విషయాన్నే పరిశీలించింది. బొమ్మలు, సైగలు వాడటం వల్ల ఎవరికీ మాట తగ్గలేదు. ఎక్కువమందికి కొంత పెరిగింది. మాట రాని పిల్లలకి ఇవి చేతికర్ర లాంటివి, ఇవ్వకుండా నడవమనడం అన్యాయం.

మీ ఇంట్లో ఉన్న గ్లాసు, మీ పెరుగు గిన్నె, మీ స్కూటర్, ఇవే ఫోటోలు తీసి ప్రింట్ చేయించి లామినేషన్ వేయించండి. మొదట రెండే చాలు. ఫ్రిజ్ మీద పిల్లలకి అందే ఎత్తులో పెట్టండి. పిల్లలు ఫోటో తీసి మీ చేతిలో పెడితే ఆ మాట చెప్పి వస్తువు ఇవ్వండి. మొదట్లో పక్కన ఒకరు కూర్చుని మాట్లాడకుండా చెయ్యి సాయం చేస్తే త్వరగా అర్థమవుతుంది. ఫోన్‌లో, ట్యాబ్‌లో వాడేవి కావాలంటే చెన్నైలో తయారైన ఆవాజ్, ఐఐటీ బాంబే వాళ్ళు చేసిన జెల్లో అనే యాప్‌లు ఉన్నాయి. ఏది వాడినా మీరూ మాట్లాడేటప్పుడు ఆ బొమ్మను ముట్టుకుని చూపించండి. మనం వాడకుండా పిల్లలే వాడాలంటే వాళ్ళు ఎవరిని చూసి నేర్చుకుంటారు?

ఏడుపు, అలజడి వచ్చినప్పుడు

పెళ్ళి మంటపంలో బాజాలు, ప్రెషర్ కుక్కర్ కూత, మెరిసే లైట్లు, పది మంది ఒకేసారి బుగ్గలు గిల్లడం. ఇవి కొందరు పిల్లలకి భరించలేనివి. ఆ సమయంలో నేర్పించడానికి ఏమీ లేదు. మాటలు తగ్గించండి, చీకటిగా నిశ్శబ్దంగా ఉన్న చోటికి తీసుకెళ్ళండి, పక్కన ఉండండి. పెళ్ళికి వెళ్ళేముందే అక్కడ ఖాళీ గది ఎక్కడుందో కనుక్కోవడం మాకు అలవాటైంది. బంధువులు మొండితనం అనుకుంటే అనుకోనివ్వండి.

తోటి పిల్లలతో

పార్కులో పదిమంది మధ్య వదిలేస్తే కలుస్తారని చాలామంది చెప్తారు. ఒక్క పిల్లాడితో మొదలుపెట్టండి. అక్కో, అన్నో, పక్కింటి నెమ్మదైన పాపో. మీ పిల్లలకి ఇష్టమైన ఆటే పెట్టండి, పావుగంటలో ముగించండి. అవతలి పిల్లలకీ నేర్పించండి, "వాడు చూడకపోయినా వింటాడు, కాసేపు ఆగు, బంతి చేతిలో పెట్టు" అని. డేమియన్ మిల్టన్ అనే ఆటిస్టిక్ పరిశోధకుడు 2012లో దీన్ని డబుల్ ఎంపతీ సమస్య అన్నారు. ఆటిస్టిక్ వ్యక్తికి ఎదుటివాళ్ళు అర్థం కానట్టే ఎదుటివాళ్ళకీ ఆ వ్యక్తి అర్థం కావడం లేదు, కాబట్టి నేర్చుకోవాల్సింది రెండు వైపులా ఉంది.

ఫోన్, వస, లక్షల వైద్యాలు

ఫోన్ ఇవ్వడం వల్ల ఆటిజం వచ్చిందని అమ్మలను నిందించడం ఆపాలి. ఫోన్ వల్ల రాదు, టీకాల వల్ల రాదు, తల్లి ఉద్యోగం చేయడం వల్ల రాదు. అయితే ఫోన్ చూసే గంటలో మనతో ఆడే గంట పోతుంది. రెండేళ్ళ లోపు అసలు వద్దని, రెండు నుంచి ఐదేళ్ళ మధ్య రోజుకి గంట దాటొద్దని భారత పిల్లల డాక్టర్ల సంఘం 2021లో చెప్పింది. ఒక్కసారిగా లాక్కోకుండా, అన్నం దగ్గర నుంచి మొదలుపెట్టి తగ్గించండి.

వస నాకిస్తే మాటలొస్తాయని పెద్దవాళ్ళు ప్రేమతోనే చెప్తారు. ఆటిజంలో దానివల్ల మాట రాదు, డాక్టరును అడగకుండా పెట్టొద్దు. స్టెమ్‌సెల్ చికిత్సకి పొలం అమ్మిన కుటుంబం నాకు తెలుసు. ఆటిజానికి దాన్ని సిఫారసు చేయలేమని జాతీయ వైద్య కమిషన్ 2022లోనే చెప్పింది. శరీరంలోంచి లోహాలు తీస్తామనే కీలేషన్ ప్రాణానికే ప్రమాదం. ఆ డబ్బు మంచి స్పీచ్ థెరపిస్టుకి పెట్టండి. మిమ్మల్ని గదిలో కూర్చోబెట్టుకుని మీకు నేర్పే థెరపిస్టును ఎంచుకోండి. తలుపు వేసి "గంట తర్వాత రండి" అనే చోట పిల్లలకి వారానికి రెండు గంటలే దొరుకుతాయి.

కాగితాలు

2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో ఉన్న 21 వైకల్యాల్లో ఆటిజం ఒకటి. మన దేశంలో వైకల్య సర్టిఫికెట్ కోసం ఐఎస్ఏఏ అనే నలభై అంశాల పరీక్ష వాడతారు. సర్టిఫికెట్, యూడీఐడీ అనే దివ్యాంగుల గుర్తింపు కార్డు వచ్చాక, కేంద్ర ప్రభుత్వ సంస్థ అయిన నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమాకి దరఖాస్తు చేసుకోవచ్చు. లక్ష రూపాయల వరకు ఉంటుంది, థెరపీ ఖర్చులకీ కొంత వర్తిస్తుంది. మండలాల్లో సమగ్ర శిక్ష అనే ప్రభుత్వ విద్యా పథకం కింద ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలు ఉన్నాయి. సర్టిఫికెట్ తీసుకుంటే పిల్లల మీద ముద్ర పడుతుందని వాయిదా వేసేవాళ్ళు చాలామంది. అది ఎవరికి చూపించాలో నిర్ణయించేది మీరే.

అంగన్‌వాడీకి, స్కూలుకి పంపేముందు

టీచరుకి ఒక్క పేజీ రాసివ్వండి. పెద్ద పెద్ద రిపోర్టులు చదివే తీరిక వాళ్ళకి ఉండదు. మేము ఇచ్చిన పేజీలో ఉన్నవి ఇవి. నీళ్ళు కావాలంటే ఎలా అడుగుతాడు. బాత్రూమ్‌కి వెళ్ళాలంటే ఏం చేస్తాడు. "నీళ్ళు కావాలా" అన్నాడంటే తనకే కావాలని అర్థం. చూడకపోయినా వింటాడు. ఒక మాట చెప్పి పది లెక్కపెట్టండి. బెల్లు మోగేముందు చెవులు మూసుకుంటాడు, తిట్టకండి, బెల్లుకి దూరంగా కూర్చోబెట్టండి. ఏడిస్తే మాట్లాడకుండా పక్కన కూర్చోండి. రైళ్ళంటే ప్రాణం, వాటితో మొదలుపెడితే మీతో కూర్చుంటాడు. కింద మా ఇద్దరి ఫోన్ నంబర్లు.